చీకటి పడేలోగా: మెయిన్ అడవుల్లో ఫాల్ సీజన్

(న్యూ హ్యాంప్‌షైర్‌లో నాష్వా చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు నవంబర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం కలుసుకున్నప్పుడు, మెయిన్ రాష్ట్రంలో గైడుగా పనిచేస్తున్న ఒక తెలుగు మహిళ మాట్లాడిన మాటలకు అక్షరరూపం.)

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు ఒక వస్తువు మీ చేతికిస్తాను. ముందు వరస నుంచి వెనక దాకా చూసి ఒకరికొకరు అందించుకోండి. అంచు దగ్గర కాస్త పెళుసు, అక్కడ మాత్రం గట్టిగా నొక్కొద్దు. చూడటానికి మన ఊళ్లో మరమరాలు కట్టిచ్చే పొట్లంలా ఉంటుంది గానీ మూరెడు పొడుగు, పైగా కాగితం కాదు, చెట్టు బెరడు. బర్చ్ చెట్టు బెరడు. మీలో పూజగదిలో యంత్రం పెట్టుకున్నవాళ్లకి భూర్జపత్రం అనే మాట తెలిసే ఉంటుంది. హిమాలయాల్లో పెరిగే ఆ భూర్జం, ఈ బర్చ్ దగ్గరి చుట్టాలు. అక్కడ మనవాళ్లు దాని మీద మంత్రాలు రాశారు, ఇక్కడి ఆదివాసులు పెనాబ్‌స్కాట్ వాళ్లు దాంతో పడవలు కట్టారు, గుడిసెలు కప్పారు, ఇదిగో ఇలా బూర చుట్టి మూస్ అనే పెద్ద జింకని పిలిచారు. చివర్లో ఊది వినిపిస్తాను, పిల్లలు అప్పటిదాకా ఊదకండమ్మా, ఉమ్ము తగిలితే మెత్తబడుతుంది.

నేను పుట్టి పెరిగింది నర్సీపట్నం. మా నాన్న ఆర్టీసీ డ్రైవరు, చింతపల్లి ఘాట్ రోడ్డు మీద ఏళ్ల తరబడి బస్సు నడిపారు. వానాకాలమైనా చలికాలమైనా ఆయనకి ఒకటే పట్టింపు, ఘాట్‌లో ఉండగా పొద్దు పోకూడదు. లంబసింగి దగ్గర టీ కోసం ఆపినప్పుడు ఎవరైనా ఇంకో ఐదు నిమిషాలు అడిగితే మాట్లాడకుండా వెళ్లి ఇంజన్ స్టార్ట్ చేసేవారు. చిన్నప్పుడు నాకది మొండితనంలా కనిపించేది. ఇరవై ఏళ్ల కిందట ఉద్యోగం మీద బోస్టన్ వచ్చాను, పన్నెండేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను, ఆ తర్వాత పరీక్ష రాసి మెయిన్ గైడ్ లైసెన్సు తెచ్చుకున్నాను. ఎనిమిది ఫాల్ సీజన్లు, అంటే ఆకులు రాలే కాలాలు, అయ్యాయి. ఇప్పుడు నేను చేసే పనంతా నాన్న చేసిన ఆ ఇంజన్ స్టార్ట్ చేసే పనే.

ఫాల్ అనగానే అందరూ రంగుల గురించే అడుగుతారు, కాబట్టి అది ముందే చెప్పేస్తాను. పసుపు ఆకులో మొదటి నుంచీ ఉన్నదే, పత్రహరితం తగ్గాక బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, మేపుల్ చెట్టు ఆ రోజుల్లోనే దాన్ని కొత్తగా తయారు చేసుకుంటుంది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి, ఈ రెండూ కుదిరిన ఏడాది ఎరుపు బాగా తిరుగుతుంది. ఉత్తర మెయిన్‌లో సెప్టెంబర్ ఆఖరు నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా చూడాలి, మీరు అక్టోబర్ రెండో సోమవారం వచ్చే కొలంబస్ డే వీకెండ్‌కి వస్తే దక్షిణాన రంగులుంటాయి గానీ పైన అప్పటికే సగం రాలిపోయి ఉంటాయి. మనకి ఆకులు రాలేది శిశిరంలో, శరత్తు అంటే దసరా, కార్తీకం, తెల్లటి వెన్నెల. ఈ దేశపు ఫాల్‌ని తెలుగులో శరదృతువు అని రాస్తారు, నాకది ఎప్పుడూ సగమే నిజం అనిపిస్తుంది. ఎందుకంటే అక్కడి అడవిలో అక్టోబర్‌లో ఆ రెండు ఋతువులూ ఒకేసారి దిగుతాయి. వెన్నెల శరత్తుది, చెట్టు శిశిరానిది. ఆ వెన్నెల్లో మూస్‌హెడ్ సరస్సు మీద లూన్ పక్షి కూత ఒక్కసారి విన్నవాళ్లు ఏ ఋతువని అడగరు.

ఈ గైడు పని గురించి కొంచెం చెప్పాలి. మెయిన్‌లో డబ్బు తీసుకుని ఎవరినైనా అడవికి, నీళ్ల మీదకి తీసుకెళ్లాలంటే లైసెన్సు ఉండాల్సిందే. 1897లో ఆ చట్టం వచ్చింది. మొదటి లైసెన్సు, అంటే నంబర్ ఒకటి, ఒక ఆడమనిషికి ఇచ్చారు, కొర్నీలియా క్రాస్బీ. ఫ్లై రాడ్ క్రాస్బీ అనేవాళ్లు, ఆరడుగుల మనిషి, ఆ రోజుల్లో చేపల వేటలో ఆమెకి తిరుగులేదు. నేను లైసెన్సు తెచ్చుకున్నానని ఫోన్ చేసినప్పుడు మా అమ్మ ఆడపిల్లవి అడవిలో ఏం పనే అని కంగారు పడితే ఈ క్రాస్బీ గురించే చెప్పాను. అమ్మ కాసేపు ఊరుకుని, ఆవిడకి అన్నం ఎవరు వండిపెట్టేవాళ్లు అని అడిగింది. అది మంచి ప్రశ్న అనుకుంటాను, అడవిలో గైడు రోజులో సగం వంటే.

కానీ చట్టం రాకముందు కూడా గైడులున్నారు, వాళ్లే అసలు గైడులు. అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో ఈ అడవులకి మూడుసార్లు వచ్చాడు, 1846, 1853, 1857. 1853 సెప్టెంబర్‌లో ఆయన వెంట వెళ్లినవాడు జో అటియన్, 1857లో జో పోలిస్, ఇద్దరూ పెనాబ్‌స్కాట్ జాతివాళ్లు. పోలిస్‌కి ఇచ్చింది రోజుకి డాలరున్నర, పడవకి వారానికి ఇంకో అర డాలరు. అటియన్ 1870 జులై 4న పెనాబ్‌స్కాట్ నది మీద దుంగలు తోలే పనిలో మునిగిపోయి చనిపోయాడు. దుంగలు తోలడమంటే, చలికాలం కొట్టిన చెట్లని వరద నీళ్లలోకి వదిలి నది మీద మిల్లుల దాకా తీసుకెళ్లడం. అది ఎంత ప్రమాదమైన పనో అడక్కండి, 1976 దాకా మెయిన్ నదుల్లో జరిగింది. ఈ పేర్లు ఎందుకు చెబుతున్నానంటే, మేము ఇవాళ గైడు విద్య అనుకునేదంతా, ఈ బూరతో సహా, పడవలో ఎలా కూర్చోవాలి, కొండ పేరేంటి, ఏ చెట్టు దేనికి పనికొస్తుంది అన్నదంతా వాళ్ల దగ్గర నేర్చుకున్నదే. మెయిన్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండకి కటాడిన్ అన్న పేరు కూడా వాళ్లదే, గొప్ప కొండ అని అర్థం. నేను వీపుకి తగిలించుకునే బుట్ట కూడా పెనాబ్‌స్కాట్ ఆవిడ అల్లిందే, బ్రౌన్ యాష్ చెట్టు బద్దలతో. ఆ చెట్టుని తినేసే ఆకుపచ్చ పురుగు 2018లో మెయిన్‌లో కనిపించింది. ఆ బుట్ట భుజాన వేసుకున్న ప్రతిసారీ నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

పరీక్ష సంగతి. రాతపరీక్ష ఒకటి, తర్వాత ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడిగేది ఒకటి. మ్యాపు, దిక్సూచి ఇచ్చి ఇక్కణ్ణుంచి అక్కడికి ఎలా వెళ్తావో చూపించమంటారు, ఆ తర్వాత ఒక కథ చెబుతారు, నీతో వచ్చిన ఐదుగురిలో ఒకరు కనపడట్లేదు, ఇప్పుడేం చేస్తావు? నేను మొదటిసారి ఇక్కడే తప్పాను. వెంటనే టార్చి తీసుకుని వెతకడానికి వెళ్తానన్నాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన చాలా మెల్లగా అడిగాడు, మరి మిగతా నలుగురూ ఎక్కడున్నారమ్మా అని. నాకు నోట మాట రాలేదు. నేను వాళ్లని చీకట్లో వదిలేసి వెళ్లిపోయాను, మనసులోనే అయినా వదిలేశాను. రెండోసారి పాసయ్యాను గానీ, ఆ ప్రశ్న ఇప్పటికీ ప్రతి ట్రిప్పులో చెవిలో మోగుతూనే ఉంటుంది.

ఇక ఫాల్‌లో గైడుకి అన్నిటికన్నా పెద్ద విషయం ఏంటంటే వెలుతురు. చలి కాదు, ఎలుగుబంటి కాదు, వెలుతురు. మన విశాఖలో ఏడాది మొత్తం మీద పెద్ద పగటికీ చిన్న పగటికీ తేడా రెండు గంటలు, ఉత్తర మెయిన్‌లో ఏడు గంటలు. ఆ ఏడు గంటలూ ఎక్కువగా కరిగేది సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లోనే, రోజుకి మూడు నిమిషాల చొప్పున పోతుంది. సెప్టెంబర్ 22 ప్రాంతంలో ఆరున్నరకి సూర్యాస్తమయం, అక్టోబర్ ఆఖరుకి ఐదుంపావు దాటి కాసేపటికే, నవంబర్‌లో గడియారం వెనక్కి తిప్పాక నాలుగుంపావు. వారం తర్వాత అదే దారిలో అదే వేగంతో నడిస్తే పన్నెండు పదమూడు నిమిషాల ముందే చీకటి పడుతుందన్నమాట. బోస్టన్‌లో ఆఫీసులో లైట్ల కింద కూర్చునేవాళ్లకి ఇది తెలీదు, నాకూ పన్నెండేళ్లు తెలీలేదు. మా పనిలో దీనికి ఒక లెక్క ఉంది. పొద్దున బయల్దేరే ముందే ఒక టైం అనుకుంటాం, ఆ టైంకి ఎక్కడుంటే అక్కణ్ణుంచి వెనక్కి తిరగాలి. శిఖరం కనిపిస్తున్నా సరే.

కటాడిన్ మీద ఒకసారి ఇదే జరిగింది. ఆ కొండ ఎత్తు 5,267 అడుగులు, వినడానికి ఎక్కువనిపించదు, కానీ కింద క్యాంపు నుంచి నాలుగు వేల అడుగులు ఎక్కాలి. హంట్ ట్రయిల్ అనే దారిలో వెళ్లి రావడానికి పది మైళ్లకి పైనే, చాలామందికి పది గంటలు పడుతుంది. జార్జియాలో మొదలయ్యే అపలేచియన్ ట్రయిల్ అనే పొడవాటి కాలిబాట ఆఖరి మైళ్లు అవే. అక్టోబర్ మొదటి వారం, నలుగురు అతిథులు, ఒకాయన అరవై ఏళ్ల పుట్టినరోజు. ఆ రోజుకి నేను పెట్టుకున్న టైం ఒంటిగంట. ఒంటిగంటకి మేము పైన చదునులో థోరో ఊట దగ్గర ఉన్నాం, శిఖరానికి ఇంకో మైలు. ఎండ కాస్తోంది, పైన మనుషులు చీమల్లా కనిపిస్తున్నారు. నేను వెనక్కి తిరుగుదామన్నాను. ఆయనకి కోపం వచ్చింది, ఇంకొక్క మైలు కోసం రెండు నెలలు ప్రాక్టీసు చేశానమ్మా అన్నాడు. ఆయన మాట అబద్ధం కాదు. కానీ ఆయన మోకాలు గంట ముందు నుంచీ పక్కకి పడుతోంది, ఎక్కేటప్పుడు కాదు, చిన్న చిన్న దిగుళ్లలో. నాలుగు వేల అడుగుల దిగుడంతా ఇంకా ముందుంది. 1846లో థోరో కూడా మబ్బుల్లోంచి శిఖరం చేరకుండానే దిగిపోయాడని చెప్పాను, ఆయనకి అది ఓదార్పు కాలేదు. దిగాం. చివరి మైలున్నర హెడ్‌ల్యాంపుల వెలుతురులోనే దిగాల్సి వచ్చింది, ఆయన నా భుజం పట్టుకుని ఒక్కో రాయీ దిగాడు. కింద కారు దగ్గర ఆయన నాతో మాట్లాడలేదు. డిసెంబర్‌లో కార్డు పంపాడు, మోకాలికి ఆపరేషన్ అయిందని, వచ్చే సెప్టెంబర్‌లో పెట్టుకుందామని, ఒంటిగంట బదులు రెండు చేయమని.

ఆ కొండ, దాని చుట్టూ రెండు లక్షల ఎకరాల పైచిలుకు అడవి, ఒక్క మనిషి పట్టుదల వల్ల మిగిలింది. పెర్సివల్ బ్యాక్స్‌టర్, 1921 నుంచి 1925 దాకా మెయిన్ గవర్నరు. ప్రభుత్వం చేత కొనిపించాలని చూశాడు, శాసనసభ ఒప్పుకోలేదు. పదవి దిగాక సొంత డబ్బుతో ముక్కా ముక్కా కొని, 1931 నుంచి 1962 దాకా రాష్ట్రానికి రాసిచ్చాడు, ఎప్పటికీ అడవిగానే ఉంచాలన్న షరతుతో. ముప్పై ఏళ్లు! రోడ్డు తారు కూడా వెయ్యని అడవి కావాలని అన్నేళ్లు కష్టపడ్డ మనిషిని తలుచుకుంటే నాకు నిజంగా చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇప్పుడు మూస్. ఆ బూర ఎక్కడిదాకా వచ్చింది? సరే, ఇంకా రెండు వరసలున్నాయి. మూస్ అంటే మన కణుజు ఎంత పెద్దదో అంతకన్నా చాలా పెద్దది, మగది భుజం దగ్గరే నా కన్నా ఎత్తుంటుంది, బరువు నాలుగైదు వందల కిలోలు. అలాస్కా తీసేస్తే ఈ దేశంలో మూస్‌లు ఎక్కువున్న రాష్ట్రం మెయినే. సెప్టెంబర్ మూడో వారం నుంచి అక్టోబర్ సగం దాకా అవి జతకట్టే కాలం. నేను వేటకి తీసుకెళ్లే గైడుని కాను, నా లైసెన్సు కెనూలకి, అంటే తెడ్డేసి నడిపే సన్నటి పడవలకి, నడకకి, క్యాంపులకి. కాబట్టి నా వెంట వచ్చేవాళ్ల చేతిలో ఉండేది కెమెరాలే.

పోయిన సెప్టెంబర్ ఆఖరులో ఒక తెల్లవారుజాము చెబుతాను. ఒక చిన్న చెరువు, నీళ్ల మీద ఆవిరి లేస్తోంది, కెనూ అంచు మీద మంచు గరుకుగా పట్టేసి, తెడ్డు ఆనిస్తే చర్రుమంటోంది. పడవలో ఇద్దరు అతిథులు, నేను. ముక్కు మూసుకుని బూరలోకి ఆడమూస్ పిలిచినట్టు పిలిచాను, మూలుగులా మొదలై పైకి లేచి తెగిపోయే కూత. తర్వాత డబ్బాతో నీళ్లు తీసి చెరువులోకి సన్నగా పోశాను, ఆడమూస్ నీళ్లలో నిలబడి ఉన్నట్టు. ఇక ఎదురుచూడటమే. ఇరవై నిమిషాలు ఏమీ లేదు. ముందు కూర్చున్నావిడకి వేళ్లు కొంకర్లు పోతున్నాయి, చేతులు చంకల్లో పెట్టుకుంది. అప్పుడు అవతలి ఒడ్డున ఆల్డర్ పొదల్లో చప్పుడు, కొమ్ములు కొమ్మలకి రాసుకునే చప్పుడు. వెనకే గొంతులోంచి ఒక్కొక్కటిగా వచ్చే గుటకలాంటి గుర్రు. అది కనిపించకముందే వాసన వచ్చింది, ఘాటైన మూత్రపు వాసన. ఈ జతకట్టే రోజుల్లో మగమూస్ గొయ్యి తవ్వి అందులో పోసి పొర్లుతుంది. పొదలు రెండుగా విడిపోయి అది నీళ్లలోకి దిగింది, కొమ్ముల నుంచి నాచు వేలాడుతోంది, మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి మమ్మల్నే చూసింది. నేను ఇంకోసారి పిలవలేదు. పిలిస్తే ఇంకా దగ్గరికి వస్తుంది, ఫోటో ఇంకా బాగా వస్తుంది, నాకు టిప్పు కూడా బాగా వస్తుంది. కానీ ఆ మూడు వారాలు అది సరిగ్గా మేత కూడా మేయదు, ఉన్న కొవ్వంతా ఖర్చు పెడుతుంది, లేని ఆడదాని కోసం దాన్ని పొద్దస్తమానం తిప్పడం నాకు తప్పనిపిస్తుంది. ఒక ఉదయానికి మూడు పిలుపులు, అంతే. కొందరు గైడులు నాతో ఒప్పుకోరు, నేను నా పద్ధతి మార్చుకోను.

నేను మార్చుకోకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, పిడుదులు. మన పశువులకి పట్టే పిడుదు లాంటిదే, వింటర్ టిక్ అంటారు. ఫాల్‌లో పిల్ల పిడుదులు గడ్డి కొసలకి, పొద కొసలకి గుంపులుగా వేలాడుతూ కాచుకుని ఉంటాయి, మూస్ రాసుకుంటూ వెళ్తే ఒకదాన్నొకటి పట్టుకుని వేల కొద్దీ ఎక్కేస్తాయి. ఒక్క మూస్ ఒంటి మీద పదుల వేలు ఉండొచ్చు. చలికాలమంతా రక్తం తాగుతాయి, మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి దూడలు నిలబడలేక పడిపోతాయి. వీటిని ఆపేది ఒక్కటే, త్వరగా పడే మంచు. మొదటి మంచు పడి నిలిస్తే ఎక్కని పిడుదులు నేల మీదే చస్తాయి. మంచు ఆలస్యమయ్యే కొద్దీ వాటికి ఇంకో వారం, ఇంకో పది రోజులు దొరుకుతాయి. అందుకే నవంబర్‌లో ఎవరైనా ఆహా ఎంత వెచ్చగా ఉంది అంటే నాకు సంతోషం కలగదు. ఏప్రిల్‌లో మంచు కరిగాక నేను చూసిన దూడ గుర్తొస్తుంది. ఒళ్లంతా గోక్కుని గోక్కుని బొచ్చు తెల్లబడి, స్ప్రూస్ చెట్టు మొదట్లో ముడుచుకుని పడుకున్నట్టే ఉంది.

నీళ్ల గురించి ఒక్క మాట, ఇది మీ అందరికీ పనికొస్తుంది. అక్టోబర్‌లో ఎండ బాగుంటుంది, సరస్సు అద్దంలా ఉంటుంది, లైఫ్ జాకెట్ విప్పి పక్కన పెట్టాలనిపిస్తుంది. ఆ నీళ్లు పది డిగ్రీలుంటాయి, అంతకన్నా తక్కువ కూడా. పడితే మొదటి నిమిషం ఊపిరి మన మాట వినదు, ఎగశ్వాస వస్తుంది, ఆ నిమిషంలో నోరు నీళ్ల మీద ఉండాలి. తర్వాత పది నిమిషాలు చేతులు, కాళ్లు పనిచేస్తాయి, చెయ్యగలిగింది ఆ పది నిమిషాల్లోనే చెయ్యాలి. ఒళ్లు చల్లబడి స్పృహ పోవడానికి గంట పడుతుంది, కానీ జాకెట్ లేనివాళ్లు ఆ గంట దాకా ఉండరు, ఎంత ఈత వచ్చినా. గోదావరి ఈదిన వాళ్లు నాతో వాదించారు, నేను జాకెట్ జిప్పు పైదాకా లాగిన తర్వాతే పడవ కదిపాను. అలగాష్ నది మీద 92 మైళ్ల దారి ఉంది, 1966లో రాష్ట్రం దాన్ని కాపాడటానికి చట్టం చేసింది. సెప్టెంబర్‌లో అక్కడ నీళ్లు తగ్గి రాళ్లు తేలతాయి, అప్పుడు తెడ్డు పనికిరాదు, నిలబడి గెడ వెయ్యాలి, మన గోదావరి మీద నాటుపడవల వాళ్లు వేసినట్టే. నాకు ఆ పని వచ్చినప్పుడు కలిగిన ఆనందం ఏ ప్రమోషన్ వచ్చినప్పుడూ కలగలేదు.

ఇక మనిషి తప్పిపోవడం. పరీక్షలో అడిగిన కథ నాకు నాలుగో ఏడాది నిజంగా ఎదురైంది. మన తెలుగు కుటుంబమే, ఐదుగురు, అక్టోబర్ మధ్యలో. సాయంత్రం నాలుగున్నరకి నేను పొయ్యి దగ్గర ఉన్నాను, వాళ్లలో తమ్ముడి వరసాయన ఒక ఎర్ర మేపుల్ చెట్టు ఫోటో తీసుకొస్తానని అవతలికి వెళ్లాడు. వంద అడుగులు కూడా ఉండదు. ఫాల్‌లో ఒక చిక్కుంది, ఆకులు రాలి కాలిబాటని పూర్తిగా కప్పేస్తాయి. అడవి నేలంతా ఒకటే పసుపు, బాట ఏదో బాట కానిది ఏదో తెలీదు, చెట్ల మీద వేసిన రంగు గుర్తులు చూస్తూ నడవాలి. ఆయన తల దించుకుని ఫోన్ చూస్తూ నడిచాడు. ఐదింటికి వాళ్లావిడ అడిగింది, అక్కా, ఈయనేడీ అని. నా గుండె జారిపోయింది, కాళ్లు అటు పరిగెత్తబోయాయి. మిగతా నలుగురూ ఎక్కడున్నారమ్మా అన్న మాట వినపడింది. ఆగాను. నలుగురినీ పొయ్యి చుట్టూ కూర్చోబెట్టాను, ఎవరూ లేవకూడదని వాళ్లలో పెద్దాయనకి అప్పజెప్పాను, మంట పెద్దది చేయించాను. తప్పిపోయినాయన్ని ఆఖరిసారి చూసిన చోట నా నారింజ చొక్కా కట్టాను. అడవి కాపలా చూసే వార్డెన్లకి శాటిలైట్ పరికరంతో మెసేజ్ పెట్టాను, అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. తర్వాత విజిల్, మూడుసార్లు ఊదడం, రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి వినడం, మళ్లీ మూడుసార్లు.

ఏడోసారో ఎనిమిదోసారో, చాలా సన్నగా, వాగు అవతల నుంచి కేక. తెలుగులో. ఇక్కడున్నానండీ అని. ఇంకో అరగంట పట్టింది. ఆయన ఒక పడిపోయిన చెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కాటన్ స్వెట్‌షర్టు, వాగులో కాలు జారి మోకాళ్ల దాకా తడిసిపోయి, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఆ తడి కాటన్ ఆయన్ని చలి కన్నా ఎక్కువ పీల్చేసింది, అందుకే నేను ట్రిప్పుకి ముందే జీన్స్ వద్దు, ఉన్ని గానీ సింథటిక్ గానీ అని పదిసార్లు చెబుతాను. ఆయన ఒక్క మంచి పని చేశాడు, నా విజిల్ విన్నాక కదలకుండా కూర్చున్నాడు. అంతకుముందు గంటసేపు తిరుగుతూనే ఉన్నాడు, తన బూటు గుర్తు తనకే ఎదురొచ్చిందట బురదలో. తిరిగొచ్చాక వాళ్లావిడ ఒక్క మాట అనలేదు, ఒళ్లో తల పెట్టుకుని కూర్చుంది. నేను పప్పులో నీళ్లు పోసి వేడి చేసి, గ్లాసులో పోసి తాగించాను. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు, ఫోటో తీసుకొస్తానన్నప్పుడు ఒంటరిగా వద్దు అని నేను అనాల్సింది. అనలేదు. ఆ తర్వాత నుంచి నాలుగు దాటాక క్యాంపు నుంచి ఎవరూ ఒక్కరే కదలరు, బాత్రూముకైనా సరే ఇద్దరు, మెడలో విజిల్.

తిండి గురించి చెప్పమని ఇందాక ఎవరో అడిగారు. అక్కడ బీన్-హోల్ బీన్స్ అని ఒక వంట ఉంది, ఆదివాసుల దగ్గర నుంచి దుంగల క్యాంపులకి వచ్చింది. మోకాలి లోతు గొయ్యి తీసి లోపల రాళ్లు పేర్చి, మేపులో బీచో గట్టి కర్ర వేసి మూడు నాలుగు గంటలు కాల్చి నిప్పులు చేయాలి. నానబెట్టి ఉడికించిన గింజలు, ఉల్లిపాయ, మొలాసిస్ అంటే మన బెల్లం పాకం లాంటిది, ఇనప కుండలో వేసి మూత పెట్టి, నిప్పుల్లో దించి, పైన ఇంకొన్ని నిప్పులు, ఆపైన మట్టి కప్పేసి పడుకోవడమే. వాళ్లు పంది కొవ్వు వేస్తారు, నేను నూనె, ఎండుమిర్చి, కాస్త చింతపండు వేస్తాను. పొద్దున మట్టి తీసి మూత ఎత్తితే వచ్చే ఆవిరి ఉంది చూశారూ, బయట సున్నా డిగ్రీలు, చుట్టూ గడ్డి మీద మంచు, ఆ కుండ చుట్టూ అందరూ మొహాలు పెట్టి నిలబడతారు. వానలో నిప్పు రాజేయాలంటే మళ్లీ ఈ బర్చ్ బెరడే. అందులో నూనె గుణం ఉంటుంది, తడిసినా అంటుకుంటుంది. కానీ బతికున్న చెట్టు మీద ఒలవకండి, నల్లటి మచ్చ పడి ఎప్పటికీ పోదు. కింద పడి కుళ్లిన దుంగల మీద కావలసినంత దొరుకుతుంది, దుంగ పుచ్చిపోయినా బెరడు అలాగే ఉంటుంది.

నవంబర్ అంటే జింకల వేట. నెల పొడుగునా తుపాకులు, కాబట్టి ఎవరు అడవిలోకి వెళ్లినా నారింజ రంగు టోపీ, చొక్కా వేసుకోవాలి. మెయిన్‌లో ఆదివారం వేట లేదు, చట్టమే ఒప్పుకోదు, అందుకని నడకకి వెళ్లాలనుకుంటే ఆదివారం వెళ్లండి. దుంగల లారీలు తిరిగే రోడ్ల మీద దారి ఎప్పుడూ లారీదే, దుమ్ము కనపడగానే పక్కకి తీసి ఆగిపోండి. నేను ఆ నెలంతా ఒక వేట క్యాంపులో వంట చేస్తాను. తెల్లవారుజామున మూడున్నరకి లేచి ఇరవై మందికి టిఫిను. డబ్బు సంగతి కూడా దాచను, సెప్టెంబర్, అక్టోబర్ ఎనిమిది వారాల్లో వచ్చింది ఏప్రిల్ దాకా లాగాలి, ఇన్సూరెన్సు కట్టే నెల వచ్చిందంటే టెన్షన్ ఉంటుంది. గైడు అవుతానని మీ పిల్లలెవరైనా అంటే ఇది కూడా చెప్పండి.

సీజన్‌లో నాకు ఇష్టమైన రోజు మాత్రం అక్టోబర్ ఆఖరులో వస్తుంది, అతిథులందరూ వెళ్లిపోయాక. మేపుళ్లన్నీ బోడివైపోయి ఉంటాయి, అప్పుడు బురద నేలల్లో టామరాక్ చెట్లు బంగారు రంగు తిరుగుతాయి. చూడటానికి క్రిస్మస్ చెట్టులా సూదులుంటాయి గానీ, ఈ చెట్టు ఆ సూదులన్నీ రాల్చేస్తుంది. ఆ రోజు కెనూలు ఒడ్డుకి లాగి, బోర్లించి, షెడ్డులో పెట్టడానికి కడుగుతాం. పోయినసారి ఒక కెనూ అడుగున, సీటు కింద, టామరాక్ సూదులు పసుపు పొడిలా పేరుకుని ఉన్నాయి, వాటి మధ్యలో ఒక పిల్లవాడి చేతి తొడుగు. ఎవరిదో తెలుసు, ఆ తమ్ముడి వరసాయన కొడుకుది. నాలుగేళ్లయినా వాళ్లు ప్రతి ఏడాదీ వస్తూనే ఉన్నారు.

బూర తిరిగి వచ్చిందా? ఇటివ్వండి. టైం మూడూ యాభై అయింది, ఇవాళ నాలుగుంపావుకి సూర్యుడు దిగిపోతాడు, నేను పైకి నాలుగు గంటలు డ్రైవ్ చెయ్యాలి, జింకలు రోడ్డెక్కే వేళ. ప్రశ్నలుంటే టీ దగ్గర ఓ పది నిమిషాలు అడగండి, తర్వాత నేను మా నాన్నలాగే ఇంజన్ స్టార్ట్ చేసేస్తాను. వెనక ఆ తలుపు దగ్గర బాబు, కాస్త లైట్లు తీసేయమ్మా. చిన్నపిల్లలు భయపడకండి, ఇది ఆడమూస్ పిలుపు.

[లైట్లు తీశాక మూడుసార్లు ఊదారు.]